నాలుగో ఫోటోకు దండ

బిడ్డా బుగ్గమ్మా,

తెల్లారి బండికి వికారాబాద్ పోతున్న. సభకు పిలిచిన సుబేదారు సాబును తోల్కొని పదింటికల్లా తాండూరు బడి కాడుంట. పోయినేడు చైనా లడాయిల పోయిన మన దిక్కు జవాన్ల ఫోటోలు నాలుగు గొంగట్ల సుట్టి పెట్టిన. జర పైలంగ తీస్కపోయి బల్ల మీద నిలబెట్టు.

బంతిపూల దండలు గంపల మూడున్నయి. మీ అన్న బీరప్ప ఫోటోకు ఎయ్యకు. దొరకలేదని మిలట్రోళ్లు రాసిండ్రు గని సచ్చిపోయిండని రాయలే గద అంటది మీ అమ్మ. దండ సూస్తే సభల నిలబడదు. ఎవరన్న అడిగితే పూలు తక్కువ పడ్డయని చెప్పు.

వాని పక్కనున్న జవాను వాడు పోయింది కండ్లార సూసిండంట, నాకు అంత చెప్పిండు. మీ అమ్మ ఆ మాట ఇనదు. దినాలు గూడ చెయ్యనియ్యలే. ఇంట్ల ఏడిస్తే కోపం జేస్తది. ఏడాది సంది గొర్ల కాడికి పోయి ఏడుస్తున్న.

మీ నాయిన
బిచ్చయ్య

నాలుగో దండ గూడ కట్టిన. తడిగుడ్డల సుట్టి గంప అడుగుకు పెట్టిన. మీ అమ్మ తనంతల తాను అడిగితే ఆమె చేతికియ్యి. అడగకుంటే మల్ల ఇంటికే తే. గొర్ల కాడికి నేను తీస్కపోత.