నొప్పికి మార్కులు

జూలై 7

ఫిజియోథెరపీ మొదటి రోజు. మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలు.

ఇరవై రెండేళ్లుగా బడిలో గేమ్స్ టీచర్ని. వాలీబాల్ ఎలా కొట్టాలో చూపిద్దామని ఎగిరాను. ఎగరడం బాగానే ఎగిరాను. దిగడమే తేడా కొట్టింది. లిగమెంట్ తెగింది. పిల్లలు చాటుగా నన్ను విజిల్ అంటారు. ఆ రోజు విజిల్ కంటే గట్టిగా అరిచానట.

చేతులూపుకుంటూ వెళ్లాను. ఆపరేషన్ కాగితాలేవి అన్నాడు ఫిజియో. ఇంట్లో ఉన్నాయన్నాను. ఏ మాత్రలు వేసుకుంటున్నారన్నాడు. తెల్లది ఒకటి, గులాబీది ఒకటి అన్నాను. పైగా నా బిగుతు ప్యాంటు మోకాలి దాకా మడతపడదు. సగం టైమ్ దాంతోనే గడిచిపోయింది.

ఏం సాధించాలనుకుంటున్నారు టీచర్ గారూ అని అడిగాడు. నడవాలన్నాను. అందరూ అదే అంటారు, సరిగ్గా చెప్పండి అన్నాడు. సెప్టెంబర్‌లో బడుల పోటీలున్నాయి, నా పిల్లలతో గ్రౌండ్‌లో ఉండాలన్నాను. ఉండొచ్చు, నిలబడొచ్చు, పరుగు సంగతి మాత్రం తొమ్మిది నెలల తర్వాతే చూద్దామన్నాడు.

ఆయనకి పొట్ట ఉంది. ఈయన పరిగెత్తి ఎన్నేళ్లయిందో అనుకున్నాను.

సున్నా నుంచి పది దాకా, నొప్పికి ఎన్ని మార్కులేస్తారు అన్నాడు. నిజానికి ఆరు. రెండు అని చెప్పాను.

జూలై 9

మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలిని మంచానికి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు. రోజుకి మూడు విడతలు. లెక్కపెట్టే పని మా ఆయనది. ఏడు దాకా వచ్చి, పేపర్‌లో ఏదో చదివి, మళ్లీ ఐదు అంటారు. ఈయన్ని మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి.

ఆయన ఆఫీసుకి వెళ్లాక నేనే ముప్పైసార్లు చేశాను. ఐదు విడతలు. పది చేసి బాగుపడేవాళ్లు ముప్పై చేస్తే మూడింతల తొందరగా బాగుపడరా?

జూలై 12

వెయిటింగ్ రూమ్‌లో ఒక బస్సు డ్రైవర్ పరిచయమయ్యాడు. భుజం పట్టేసిందట. రెండు నెలలుగా వస్తున్నాడట. ఇంట్లో ఒక్కసారీ చేయడట. బండి షెడ్డులో వదిలేశాక మనమేమైనా బోల్టులు బిగిస్తామా మేడమ్, వాళ్ల పని వాళ్లు చెయ్యాలి గానీ అన్నాడు. చేయి ఇంకా చెవి దాకా లేవదు. జాలేసింది. ఇలాంటి బద్ధకస్తుల మధ్య నేనొక్కదాన్నే కష్టపడుతున్నానని గర్వంగా కూడా ఉంది.

ఇవాళ ఫిజియో కాలికి చిన్న బరువు కట్టాడు.

జూలై 14

రెండు అని చెప్పాను. ఎనిమిది.

జూలై 16, ఉదయం 6

మోకాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియనంత వాచింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తానని మా ఆయన. వద్దని నేను. చివరికి ఆయనే చేశారు.

అదే రోజు, మధ్యాహ్నం

సర్జన్ చూశాడు. లోపల ఏమీ చెడలేదు. అక్కణ్నించి ఫిజియో దగ్గరికి.

చేతి వెనక వైపు మోకాలికి ఆనించి వేడి చూశాడు. పొడవాటి స్కేలు పెట్టి వంపు కొలిచాడు. పోయినవారం తొంభై డిగ్రీలు. ఇవాళ డెబ్బై.

విడతకి ఎన్నిసార్లు చేస్తున్నారన్నాడు. పది అన్నాను. ఫైలు మూసేసి, స్టూలు దగ్గరికి లాక్కుని, ఎన్నిసార్లు అని మళ్లీ అడిగాడు. చెప్పేశాను. మార్కుల సంగతి కూడా.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మీరు రెండన్నారని బరువు కట్టాను, మీ నోట్లోంచి వచ్చిన మాట తప్ప నాకు లోపల చూసే కిటికీ లేదు అన్నాడు. చేసేటప్పుడు లాగినట్టుంటే పర్వాలేదట. మర్నాటికి వాచినా, వేడెక్కినా మోతాదు మించినట్టట. ఆ మాట మొదటి రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది, అది నా పొరపాటు అన్నాడు. పది రోజులు ఐసు, తేలిక కదలికలు మాత్రమే.

లేచేటప్పుడు అడిగాడు, ఎందుకు దాచారని. ఆటల్లో పెరిగినవాళ్లం, నొప్పి అనకూడదని నేర్పారు అన్నాను. మీరూ పిల్లలకి అదే నేర్పుతారా అన్నాడు.

మా ఆయన ఆటో తీసుకొచ్చారని వంక పెట్టి బయటపడ్డాను.

జూలై 17

తొమ్మిదేళ్ల కిందట ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, కాళ్లే తప్ప ఇంకేం లేనట్టు. ఎనిమిది వందల మీటర్లు. అలాంటి పరుగు మళ్లీ చూడలేదు.

పోటీలకి వారం ముందు వచ్చి, పిక్క ముందు ఎముక నొప్పిగా ఉంది మేడమ్ అంది. నొప్పి అనేది బద్ధకానికి ముద్దుపేరు, పరిగెత్తు అన్నాను. రెండు రోజులకి మళ్లీ వచ్చింది. అదే చెప్పాను. మూడోసారి రాలేదు. పరిగెత్తింది. రెండో స్థానం. గీత దాటి కూర్చుండిపోయింది. ఎముక చిట్లింది. నెలల తరబడి కట్టు. తర్వాత ఎప్పుడూ గ్రౌండ్ వైపు రాలేదు.

అది కాదు అసలు సంగతి. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ ఆ కథ చెప్పాను. ఎముక చిట్లినా ఆగని పిల్ల అని. చప్పట్లు కొట్టించాను. నా దగ్గరికి రెండుసార్లు వచ్చి చెప్పిందన్న ముక్క ఏ ఒక్కసారీ చెప్పలేదు.

జూలై 21

మా ఆయనకి చెప్పాను. నువ్వు ఆ కథ చెప్తావని ఆ పిల్లకి తెలుసా అన్నారు. అంతే. పేపర్ మడతపెట్టి మరీ అన్నారు.

ఆగస్టు 3

లెక్కల టీచర్‌ని అడిగి ఆ పిల్ల ఆచూకీ తెలుసుకున్నాను. బజారులో కళ్లజోళ్ల షాపులో పనట. ఊతకర్ర పట్టుకుని వెళ్లాను. చూడగానే గుర్తుపట్టింది. ముందు కుర్చీ వేసింది.

దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నువ్వు చెప్తే నేను వినలేదమ్మా, తప్పు నాది అన్నాను. ఆమె ఒక ఫ్రేము తుడుస్తూ ఉంది. కాలు ఎప్పుడో బాగైంది మేడమ్ అంది. కాకపోతే ఇప్పటికీ ఎవరైనా నొప్పా అని అడిగితే లేదనే అంటాను, మొన్న కాన్పులో నర్సు తిట్టింది, ఇంత దాకా వస్తే నోరెత్తవేంటి అని.

తర్వాత అంది, మా పిన్ని కూతురు మీ బడిలోనే చదివింది, నా కథ చెప్తారటగా, ఇక చెప్పకండి.

చెప్పనన్నాను. పర్వాలేదు మేడమ్ అంటుందేమోనని కాసేపు కూర్చున్నాను. అనలేదు. మెట్టు దగ్గర మాత్రం మోచెయ్యి పట్టుకుని దింపింది.

ఆగస్టు 19

పది అంటే పదే చేస్తున్నాను. వంపు నూట పదిహేను.

సెప్టెంబర్ 12

పోటీలు. కర్ర లేకుండా నిలబడ్డాను. రిలేలో మా మూడో పిల్ల వార్మప్‌లో కుడికాలు ఆచితూచి వేస్తోంది. ఏమైందన్నాను. ఏం లేదు మేడమ్ అంది. కాలేస్తున్న తీరు చూశాను. పక్కన కూర్చోబెట్టాను. బదులు దింపడానికి ఎవరూ లేరు. జట్టు తప్పుకుంది.

నలుగురూ ఏడ్చారు. ఆ పిల్ల తండ్రి పది మందిలో నన్ను కడిగేశాడు. సాయంత్రం డాక్టర్ చూసి, కొంచెం పట్టింది, పరిగెత్తినా ఏం కాకపోయేదేమో అన్నాడట.

అయ్యేదో కాదో. ఎవరికి తెలుసు? రాత్రి అన్నం సహించలేదు.

సెప్టెంబర్ 17

నాలుగు రోజులుగా ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. ఇవాళ వచ్చి బెంచీకి అటు చివర కూర్చుంది. షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా అంది: మేడమ్, ఎడమది కూడా లాగుతోంది. ఎండాకాలం నుంచి.