మగకుందేలు విషయమై అప్పకు

అనకాపల్లి,
ఆదివారం.

అప్ప పాదాలకు ఇంత దూరం నుంచే దణ్ణం పెట్టి తమ్ముడు రామునాయుడు వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, బావ దగ్గు వదిలిందనీ, గేదె సుఖంగా ఈనిందనీ తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ "మేము క్షేమం" అని వ్రాసేవాణ్ణి. ఈసారి "నేను" అని వ్రాయవలసి వచ్చింది. ఇది నీకు అందేసరికి నీ మరదలు పైడమ్మ ఒక వెదురుబుట్టతో నీ గుమ్మంలోకి వచ్చి వారమై ఉంటుంది. బుట్టలో ఉన్నది కుందేలని నువ్వు చూసే ఉంటావు. ఏం జరిగిందో ఆమె చెప్పదు. అడిగితే "ఏటీ లేదొదినా" అంటుంది. కనుక నేనే వ్రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువుకో. బావకు వినిపించవద్దు. కారణం కింద తెలుస్తుంది.

ముందుగా నా ఉద్యోగం సంగతి. బెల్లం మార్కెట్టులో కొట్టు గుమస్తాగా చేరి దసరాకు ఏడాది అవుతుంది. తెల్లవారేసరికి బళ్ళూ లారీలూ వస్తాయి. కళాసీలు దిమ్మలు దించి, రకం చూసి, వరుసలు పేరుస్తారు. పక్కన నిలబడి వ్రాసుకోవడం నా పని. చెరకు పండించినవాడు నీడలో నిలబడి ఆ బెల్లాన్ని వ్రాసుకునే స్థితికి రావడం చిన్న సంగతి కాదని ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాను. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కాని మా షావుకారు నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. "ఓయ్ రాత్రిబడీ, ఇలా రా!" అంటాడు. పగలంతా పొలంలో ఒళ్ళు వంచి, చీకటి పడ్డాక చదివి పట్టా పుచ్చుకున్నవాడికి ఆయన పెట్టిన పేరు అది. కళాసీలు నవ్వుతారు. నేను తల దించుకుని వ్రాసుకుంటాను.

ఇక్కడ ఉక్కపోత ఎక్కువ. చొక్కాకు బెల్లం వాసన పట్టి ఈగలు నాతోపాటే ఇంట్లోకి వస్తాయి. తీపి నోట పెట్టలేకపోతున్నాను. ఒంటికి మాత్రం ఏ లోటూ లేదు, బెంగ పెట్టుకోవద్దు.

పట్నానికి రావాలన్న నిర్ణయం నాది. ఆవును అమ్మివేయాలన్నదీ నాదే. పైడమ్మ అప్పుడు ఎదురు చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక ఆ అద్దె వాటాలో ఆమెకు చేయడానికి పనే లేకపోయింది. పితకడానికి పశువు లేదు, తొక్కడానికి పొలంగట్టు లేదు, మాట్లాడడానికి మనిషి లేదు. మాకు పిల్లలు లేని సంగతి ఊళ్లో పనుల మధ్య అంతగా తెలిసేది కాదు. ఈ రెండు గదుల్లో బాగా తెలిసింది. ఒకరోజు చిలకలవాడి బండి మీద తెల్ల కుందేలుపిల్లను చూసి ఆగిపోయింది. ఇంటికి తెచ్చుకుంది. చిన్నోడు అని పేరు పెట్టింది. దాని కోసం కాలవగట్టు మీద గరిక కోసుకు వచ్చేది. ముల్లంగి వండిన రోజున ఆకు దానికి, దుంప నాకు. మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. నేనూ సంతోషించాను.

ఆ పిల్ల పెరిగి ఈడొచ్చిన మగదైంది. అప్పటి నుంచి కష్టాలు. పాదాల చుట్టూ గిరగిర తిరగడం, కరవడం, వెనక కాళ్ళతో నేల కొట్టడం, కనబడిన ప్రతి వస్తువు మీదా మూత్రం చిమ్మడం. దాని మూత్రం వాసన ఎంత కడిగినా పోదు. చివరికి ఇంటివారి వరండాలో ఆరవేసిన మడిచీర మీద చిమ్మింది. ఇంటావిడ పెద్ద వయసు మనిషి, పూజలూ పట్టింపులూ ఉన్నవారు. ఆ చీర కర్రతో ఎత్తి పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చారు.

"నాయుడు గారూ, దేముడి దగ్గర కట్టుకునే సీరండి ఇది! పిల్లల్లేరు కదా, ఇల్లు నిమ్మళంగా ఉంటాదని మీకిచ్చేను. ఇద్దరు పిల్లలున్న కొంపలో కూడా ఇంత ఆగడం ఉండదు. దానికి విత్తులైనా తీయించండి, నెలాఖరుకి ఇల్లైనా కాళీ సెయ్యండి."

పైడమ్మ లోపలి నుంచి విన్నది.

విత్తులు తీయిస్తే కుందేలు నెమ్మదిస్తుందని, చిమ్మడం మానుతుందని నేను ఒక పత్రికలో చదివి ఉన్నాను. ఆ విషయమే పైడమ్మను కూర్చోబెట్టి వివరించాను. అంతా విని ఆమె ఒక్క మాట అడిగింది.

"మనకెలాగూ లేరు. దానికీ లేకుండా సెయ్యాలా?"

"దానికి జతే లేదు కదా, పిల్లలెక్కణ్ణుంచి వస్తాయి?" అన్నాను.

"జత తెత్తే వత్తాయి."

అయినా నిర్ణయం మార్చుకోలేదు. ఇల్లు ఖాళీ చేయమంటే మార్కెట్టుకు దగ్గరలో మరో వాటా దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ఇక్కడే బావ ప్రసక్తి వస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో కోడెదూడలకు విత్తులు నొక్కాలంటే బావనే పిలుస్తారు కదా. ఆయనను సంప్రదించడం ఉచితమని తలచి టెలిఫోన్ బూత్ నుంచి మీ పక్కింటికి ఫోను చేసి పిలిపించాను. ఆ రోజు నువ్వు చెరకుతోటకు వెళ్ళావట. బావ ముందు నవ్వి నవ్వి దగ్గాడు.

"ఏటి బామ్మర్దీ, కుందేలుకా? పట్నమెల్లి ఎంత పెద్ద పసువుని కట్టీసేవోయ్! సరే గానీ, డాట్రు సేతనే సేయించు. ముందురోజు పొద్దుట్నుంచి మేతెట్టకు. కడుపు నిండుంటే కింద పడేసినపుడు ఉబ్బిపోయి సచ్చిపోద్ది. పస్తు మాత్రం గట్టిగా ఉంచు."

మన ఇళ్ళలో ఈ నియమం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఎద్దు విషయంలో బావ మాట ఎన్నడూ తప్పలేదు. నాకు సందేహం కలగలేదు. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు పొద్దున్నే గరికంతా తీసి అటక మీద పెట్టాను. చిన్నోడు మొదట బుట్టమూత కొరికాడు, తరువాత నా చెప్పు కొరికాడు, సాయంత్రానికి ఏదీ కొరకకుండా మూల ముడుచుకుని కూర్చున్నాడు.

"దాని మొగం సూడు. ఆకలే అది," అన్నది పైడమ్మ.

"రేపటి క్షేమం కోసమే," అన్నాను.

మర్నాడు ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసు, ఈ ప్రాంతం మనిషి కాదు. కుందేలు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఎప్పుడు తిన్నదని అడిగింది. నిన్న ఉదయం నుంచి పస్తు ఉంచామని, ఆ ఏర్పాటు నేనే శ్రద్ధగా చేశానని చెప్పాను.

"ఎవరండీ పస్తు పెట్టమన్నది?" అన్నది. "ఇది ఎద్దు కాదు. దీని పొట్టలో ఎప్పుడూ మేత కదులుతూ ఉండాలి. పొట్ట ఖాళీ అయితే పేగు ఆగిపోతుంది. పేగు ఆగితే ప్రాణమే పోతుంది."

నేను పట్టభద్రుణ్ణని, పశుపోషణ మాకు తరతరాలుగా వచ్చిన విద్య అని చెప్పబోయాను. మాట పూర్తి కాకముందే పైడమ్మ అందుకుంది. నలుగురిలో నన్ను "మీరు" అనాలని పట్నం వచ్చిన నాడే చెప్పి ఉంచాను, అంతవరకు అలాగే అన్నది కూడా.

"నాను సెప్పలేదా! బుట్ట కొరికేత్తంది, ఆకలే అని సెప్పేను కాదా! నీ సదువేటి సెప్పింది నీకు?"

గేదెల్ని తోలుకువచ్చిన రైతులు బయట బల్ల మీద ఉన్నారు. అందరూ విన్నారు.

డాక్టరమ్మ ఆ రోజు కత్తి పట్టలేదు. ముందు దీన్ని తినేలా చూడండి అన్నది. తరువాత ఇలా చెప్పింది: "ఆపరేషన్ చేయమంటే వచ్చే వారం చేస్తాను. చేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. కాని కుక్కలకు చేసినంత తేలిక కాదు, మత్తుకు తట్టుకోకపోవచ్చు కూడా. చేయించకపోతే ఇది ఇలాగే ఉంటుంది. నిర్ణయం మీది." నిర్ణయం మీది అన్నప్పుడు ఆమె నన్ను చూడలేదు, పైడమ్మను చూసింది.

ఇంటికి వచ్చాక గరిక ముందు పోసినా చిన్నోడు ముట్టలేదు. పైడమ్మ ఆకు నూరి, వడకట్టి, ఇంకు ఫిల్లరుతో దాని పెదవి పక్క నుంచి చుక్క చుక్క పోసింది. వంట చేయలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొట్ట రాస్తూనే ఉన్నది. చివరికి అది నాలుగు పెంటికలు వేసింది. పైడమ్మ వాటిని అరచేతిలోకి తీసుకుని ఏడ్చింది. అప్పా, నేను పట్టా అందుకున్న రోజున కూడా ఆమె ముఖంలో అంత ఆనందం చూడలేదు. ఆ మాట వ్రాయడానికి నాకు చేదుగా ఉన్నది, కాని నిజం.

కుందేలు కోలుకున్నది కనుక, ఈసారి మేత పెట్టి, పద్ధతి ప్రకారం వచ్చే వారం ఆపరేషన్ చేయిద్దామని చెప్పాను. ఆమె బుట్ట కడిగి ఎండలో పెట్టింది. ఆరిన తరువాత అందులో గరిక పరిచి, చీరలు రెండు సంచిలో పెట్టుకుంది.

"ఊరెల్తన్నాను. వొదిన దగ్గర ఉంటాను."

"ఎప్పుడొస్తావు?"

"నీ సదువునడుగు."

ఆపలేదు. మగవాణ్ణి, వీధిలో భార్య చెయ్యి పట్టుకుని బతిమాలడం నాకు చేతకాదు. బుట్ట మాత్రం నేనే మోసుకుని బస్టాండుకు వచ్చాను. బస్సులో కండక్టరు బుట్టలోకి తొంగి చూసి, "ఏటమ్మా, కూరకా?" అన్నాడు.

"నా కొడుకు," అన్నది పైడమ్మ.

కండక్టరు నవ్వాడు. ఆమె కిటికీ వైపు తిరిగి, "కొట్టుకి లేటవుద్ది, ఎల్లు," అన్నది. నేను బస్సు మలుపు తిరిగేదాకా ఉండి వెళ్ళాను. ఆ రోజు నిజంగానే ఆలస్యమైంది, షావుకారు ఊరుకోలేదు.

సాయంత్రం ఇంటావిడ పులిహోర పట్టుకొచ్చి, "ఇప్పుడు పేణం హాయిగా ఉంది కదండీ!" అన్నారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పాను. "అదేటండీ, కుందేలు పోయింది కదా?" అన్నారు. తలుపు వేసుకున్నాను. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి, మేము ఇక రావడం లేదని డాక్టరమ్మకు చెప్పి వచ్చాను. ఆపరేషన్ చేయించాలన్న నా ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా ఆ జంతువు నాది కాదు. ఆ సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

నిన్ను కోరేది ఏమిటంటే, కుక్కలు రాని చోట బుట్ట పెట్టించు. మేత ఎప్పుడూ దాని ముందు ఉండాలి. పస్తు మాట బావ మన మంచికే చెప్పాడు, ఆయన మనసు నొప్పించవద్దు. కాని "నేనే నొక్కీనా?" అని సరదాకైనా ఆయన అనకుండా చూడు. అంటే పైడమ్మ అక్కడి నుంచి కూడా వెళ్ళిపోతుంది, ఆ తరువాత ఆమెకు పోవడానికి మరో ఇల్లు లేదు.

తుమ్మపాల వైపు ఒక పెంకుటిల్లు కుదుర్చుకున్నాను. మార్కెట్టుకు దూరం, కరెంటు నిలకడ లేదు, వానకు ఒక మూల కారుతుంది. వెనక గోడలున్న దొడ్డి ఉన్నది, నిండా గరిక. ఇంటివారు పక్కన ఉండరు. కుందేలు ఎక్కడ చిమ్మినా అడిగేవారు లేరు. జత తెచ్చుకున్నా చోటు చాలుతుంది. ఈ మాట పైడమ్మకు నువ్వు చెప్పు. నేను బతిమాలినట్టు చెప్పవద్దు, కబురు తెలిసిందని మాత్రమే చెప్పు. వస్తానంటే ఏ రోజు బస్సో తెలియజెయ్యి, స్టాండులో ఉంటాను. రానంటే మాత్రం ఆ సంగతి వెంటనే వ్రాయవద్దు.

బావకు నా నమస్కారాలు. పెద్దలందరినీ అడిగినట్టు చెప్పు. నీ చల్లని చెయ్యి మా ఇద్దరి తలల మీదా ఉంచమని కోరుతూ,

నీ తమ్ముడు
రామునాయుడు