నదికి ఉత్తరాన పెట్టిన తప్పు చుక్క

కైఫెంగ్ నగరం, పాత ప్రాకారం పక్క వీధి, పటాల కార్యాలయం క్వార్టర్లలో మూడో అంతస్తున ఉంటున్న నియె వాన్‌రూ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, కీర్తిశేషులు దౌ చాంగ్‌గెంగ్ గారి భార్యను, నా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఏమనగా:

నా మతి స్థిమితంగానే ఉంది. డాక్టరు కాగితం జతచేశాను. అది చాలదనేవారి కోసం ఇంకో రుజువు: ఈ ఉదయం మొహం కడుక్కుంటూ, హాన్ వంశం కాలంలో మన చుట్టుపక్కల ఉన్న తాలూకాలన్నిటినీ తూర్పు నుంచి పడమరకు ఒక్కటి తప్పకుండా చెప్పుకున్నాను. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మాత్రం మధ్యాహ్నందాకా దొరకలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉండేవారు, మా అత్తగారు. ఆవిడ పోయి ముప్పై ఏళ్లయింది.

నేను చేసిన ఉద్యోగం పాత రాజవంశాల నాటి దేశపటాలు గీయడం. ఏ వంశం ఏలుబడిలో ఏ పట్టణం ఎక్కడుండేదో, ఏ నది ఎటు పారేదో పాత గ్రంథాలు చూసి, పొలాల్లో తిరిగి, పటం మీద పెట్టడం. ముప్పై ఆరేళ్లు అదే పని. కింద రాసిన ఆస్తి అంతా ఆ జీతంతో కూడబెట్టిన స్వార్జితం. దీనిమీద నాకు సర్వహక్కులూ ఉన్నాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా అమ్మాయి దౌ యూన్‌ది.

ఒకటి. నేనుంటున్న రెండు గదుల ఇల్లు నా తదనంతరం మా అమ్మాయి యూన్‌కి చెందవలెను. గోడలకున్న పటాలు తీసేసి సున్నం వేయించుకుంటానని నాకు తెలుసు. వేయించుకో తల్లీ. చిన్నప్పుడు నీకు పడుకోవడానికి చోటు లేక తాంగ్ సామ్రాజ్యం పటం మడిచి మంచం వేసేదాన్ని. 'అమ్మా, మనింట్లో రాజులకున్న చోటు మనుషులకి లేదే' అన్నావు ఎనిమిదేళ్లప్పుడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. వంటగది తలుపు వెనక ఉన్న పటం ఒక్కటి మాత్రం తీయకు. దాని వెనక గోడకు పెద్ద కన్నముంది.

రెండు. మనవరాలు మియెన్‌కి నా చెక్క కొలబద్ద. ఒక అంచున హాన్ కాలపు లీ, రెండో అంచున తాంగ్ కాలపు లీ చెక్కి ఉంటాయి. లీ అంటే దారి దూరం కొలత అని నీకు తెలుసు, వంశం మారితే అదీ మారుతుందని తెలియదు. హాన్ లీ పొట్టిది, తాంగ్ లీ పొడుగుది. పుస్తకంలో 'ముప్పై లీ' అని ఉంటే, రాసినవాడు ఏ రాజు ఉప్పు తిన్నాడో ముందు అడగాలి. ఇంకోటి, వాళ్లు కొలిచింది కాకి ఎగిరిన దూరం కాదు, గాడిద నడిచిన దూరం. చేతిలో ఫోను దారి చెబుతుండగా కూడా పోయిన పండక్కి మా ఇంటికి రాబోయి పక్క జిల్లాకి వెళ్లిన పిల్లవి నువ్వు. బద్ద దగ్గరుంచుకో, పోయేదేముంది.

మూడు. కింద అంతస్తులోని పాంగ్ గారి భార్యకి నా ఊరగాయ జాడీలు రెండూ, మూతలతో సహా. మేడమీద బట్టల తాడు గురించి మా ఇద్దరికీ ఇరవై రెండేళ్లు గొడవ. సొంగ్ వంశం పటం తడిస్తే ఆరేశాను. ఆవిడ దాని పక్కనే వాళ్లాయన లోపలి లాగులు ఆరేసింది, రాజధాని నగరానికి సరిగ్గా ఎదురుగా. నేను నానా మాటలూ అన్నాను. మా ఆయన పోయాక పదకొండు రోజులూ నాకు జొన్నజావ తెచ్చి తలుపు దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది కూడా ఆవిడే. జాడీలు పగలకుండా అప్పగించాలి.

నాలుగు. స్యాంగ్ బోహాన్‌కి ఏమీ ఇవ్వడం లేదు. నా పక్క బల్ల దగ్గర ఇరవై తొమ్మిదేళ్లు కూర్చున్నాడు, నదులు గీసేవాడు. వీలునామాకి సాక్షిగా ఉన్నవాడికి ఆస్తి ఇవ్వకూడదట. అందుకని అతన్ని సాక్షిగా పెట్టాను. ఏమీ ఇవ్వనందుకు కారణం వెతుక్కునే శ్రమ తప్పింది.

ఐదు. మంచం కింది చెక్కపెట్టెలోని నలభై ఒక్క నోట్‌బుక్కులు పటాల కార్యాలయానికి. అక్కడి కొత్త డైరెక్టరు ఎవరి పెళ్లిలోనో కనిపించి, 'పిన్నిగారూ, ఇప్పుడంతా కంప్యూటరే గీసేస్తోంది, మీలా కళ్లు పోగొట్టుకోనక్కర్లేదు' అన్నాడు. సంతోషం నాయనా. కంప్యూటరుకి తప్పు చెప్పినా అంతే అందంగా గీస్తుంది. నేనూ అలాగే గీశాను, అది ఏడో అంశంలో వస్తుంది.

ఆరు. నా అస్థికలు నదికవతల దౌజై గ్రామంలో, మా అత్తవారి శ్మశానంలో, నా భర్త చాంగ్‌గెంగ్ పక్కన పాతిపెట్టవలెను. ఎడమ పక్కన. కుడిచెవి ఆయనకి వినపడేది కాదు. ఇల్లూ, బద్దా, జాడీలూ ఎవరు ఎలా పంచుకున్నా నాకు పట్టింపు లేదు. ఈ కాగితం మొత్తంలో నాకోసం నేను అడుగుతున్నది ఈ ఒక్కటే.

ఏడు. పెట్టె అడుగున అంటించిన కవరు ఒకటి ఉంది. షరతు ఏమనగా, ముందు నన్ను పాతిపెట్టవలెను, తర్వాతే కవరు విప్పవలెను. ఈ వరస ఎట్టి పరిస్థితిలోనూ తిరగబడరాదు. ఒకసారి పాతిపెట్టిన మనిషిని తవ్వి బయటపడేయడానికి దౌజై వాళ్లు కూడా మొహమాటపడతారని నా నమ్మకం.

కవరులో ఏముందో, ఎందుకుందో ఇక్కడే రాస్తున్నాను.

పెళ్లయిన మరుసటేడు నాకు హాన్ వంశం పటంలో మన ప్రాంతం ముక్క అప్పగించారు. అందులో గూలియాంగ్ అని ఒక తాలూకా పట్టణం, రెండు వేల ఏళ్ల కిందట మట్టిలో కలిసిపోయింది. 'రేవు నుంచి ముప్పై లీ, నదికి ఉత్తరాన' అని పాత గ్రంథంలో ఉంది. మన పసుపు నది ఒకచోట పడుండే రకం కాదు. ప్రతి వంశానికీ ఒక కొత్త పక్క వేసుకుంది. అందుకే మా కార్యాలయంలో ఒక ఆచారం ఉండేది. నేటి సర్వే పటం మీద పారదర్శక కాగితం పరిచేముందు, ఇప్పటి నది మీద తెల్ల కాగితం పట్టీ అతికించేవాళ్లం. నదికి గంతలు కట్టడం అనేవాళ్లం దాన్ని. ఇప్పటి నది కంటికి కనపడితే చెయ్యి దానివైపే పోతుందని.

ఆ శనివారం నేను గంతలు కట్టలేదు. అత్తవారింటికి వెళ్లే పడవ వేళవుతోందని తొందర. ఇప్పటి నది నుంచే ముప్పై లీ కొలిచి, దానికి ఉత్తరాన చుక్క పెట్టేశాను. చుక్క పోయి పోయి మా అత్తవారి దౌజై మీద పడింది.

హాన్ కాలంలో నది దౌజైకి ఇంకా ఉత్తరాన పారేది. అసలు గూలియాంగ్ ఆ పాత నదికి అవతల, లోపో గ్రామం వెనకున్న దిబ్బలో ఉంది. లోపో వాళ్లు దున్నినప్పుడల్లా పాత పెంకులు లేస్తాయి. వాటిని ఊరగాయ మీద బరువు పెట్టుకుంటారు.

ఇది నాకు నెల తిరక్కుండానే తెలిసింది. నా చుక్క మీద స్యాంగ్ గీసిన పాత నది కాగితం పరిచి చూస్తే, పట్టణం నదికి దక్షిణాన తేలింది. స్యాంగ్ నెమ్మదిగా, 'నియె అక్కా, నేను నదిని జరపను. చుక్కని నువ్వే జరుపుకో' అన్నాడు. గీకేయడానికి బ్లేడు తీశాను కూడా. దాంతో పెన్సిలు చెక్కి పక్కన పెట్టేశాను.

ఎందుకంటే ఈలోగా మా ఆయన నమూనా పటం ఊరికి పట్టుకెళ్లి అందరికీ చూపించారు. నూడుల్స్ సాగదీయడం రాని కోడల్ని నేను. 'దీని చేతి వంట పంది కూడా ఏరుకు తింటుంది' అని మా అత్తగారు వీధి వీధంతా చెప్పేది. పటం వచ్చాక అదే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పి, 'మా వాన్‌రూ, మన ఊరిని రెండు వేల ఏళ్ల కిందటికి మోసుకెళ్లింది' అంది. నా పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. ఆ మాట వదులుకోలేకపోయాను. పటం అడుగున 'గ్రంథంలో ఉత్తరమని ఉన్నది నకలు రాసినవారి పొరపాటు' అని చిన్న అక్షరాలతో రాసి ఊరుకున్నాను. నా తప్పు తీసుకెళ్లి వందల ఏళ్ల కిందట పోయిన లేఖకుడికి అంటగట్టాను. పాపం, ఆయనొచ్చి కాదనలేడుగా.

స్యాంగ్ నన్ను నలభై ఏడేళ్లు దెప్పాడు. బయట మాత్రం ఒక్కరి దగ్గర నోరు విప్పలేదు.

దౌజై వాళ్లు ఊరి మొదట్లో 'గూలియాంగ్ ప్రాచీన పట్టణం' అని రాతి ద్వారం కట్టారు. ఏటా వసంతంలో పట్టణం పుట్టినరోజు చేస్తారు. మిరియాల పులుసు ఊరంతటికీ ఉచితం. ఆ రోజున నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, మెళ్లో ఎర్ర పట్టీ వేస్తారు. ఆ పులుసు రెండో గిన్నె నేనెప్పుడూ అడగలేదు.

కవరులో నా ఒప్పుకోలు, సరిదిద్దిన పటం ముక్క, ఆనాటి కొలతల నోట్‌బుక్కు ఉన్నాయి. నన్ను పాతిపెట్టిన మర్నాడు వాటిని కార్యాలయానికీ, రెండు గ్రామాలకీ ఇవ్వవలెను.

ఇంతవరకు పోయిన మంగళవారం రాశాను. సాక్షి సంతకం కోసం స్యాంగ్‌ని పిలిచి చదివి వినిపించాను. ఏడో అంశం దగ్గర టీకప్పు కింద పెట్టేశాడు. వచ్చే వసంతంలో లోపో దిబ్బని తవ్వి ఆ మట్టి కరకట్టకి పోస్తారట, కాంట్రాక్టు కూడా ఇచ్చేశారట. పటంలో అక్కడ ఉత్త పొలమని ఉంది కాబట్టి అడ్డుచెప్పేవాళ్లు లేరు. 'నువ్వు పోయేదాకా ఆ దిబ్బ ఆగదు అక్కా. నువ్వు గట్టిపిండానివి' అన్నాడు.

మా అమ్మాయి యూన్ ఇంకో మాటంది. 'బాగుందమ్మా. నువ్వు నాన్న పక్కన హాయిగా పడుకుంటావు. కవరు పట్టుకెళ్లి దౌజైలో తిట్లు తినేది నేనా?'

ఇది కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి రాసుకున్న వీలునామా అని అప్పటికి నాకే తెలిసింది.

ఎనిమిది. కాబట్టి పై ఏడో అంశాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కవరు నేనే విప్పాను. కార్యాలయానికి ఒక ప్రతి పంపి, గురువారం బస్సెక్కి దౌజై వెళ్లాను. ఇప్పుడు ఊరి పెద్ద మా మరిది దౌ లైషున్. అతని ఇంటి వాకిట్లో ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి పటం పరిచాను. నదికి గంతలు ఎలా కట్టాలో, ఆ రోజు నేనెలా కట్టలేదో చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. 'అయితే ఆ ద్వారం ఏం చేయమంటావు వదినా?' అన్నాడు లైషున్. నాకు తెలియదన్నాను. 'నువ్వు మన ఊరిని మోసుకెళ్లావనే అమ్మ పోయేముందు కూడా చెప్పుకుంది' అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దౌజైలో అన్నం తినమనకుండా నన్ను పంపేయడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

తొమ్మిది. ఇంటికొచ్చి ఆరో అంశం కూడా రద్దు రాయబోయాను. తప్పుడు చుక్కతో సంపాదించుకున్న ఊళ్లో చోటడిగే మొహం నాకు లేదు. ఊరవతల ప్రభుత్వ శ్మశానంలో అస్థికలు పెట్టే గూడు ధర కూడా కనుక్కున్నాను.

ఈ ఉదయం లైషున్ మెట్లెక్కి వచ్చాడు. ఎనభై ఏళ్ల మనిషి, మూడంతస్తులు, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడట. కూర్చోమంటే కూర్చోకుండా సంచిలోంచి అర్జీ తీశాడు. లోపో దిబ్బ తవ్వకం ఆపాలని జిల్లాకి రాసిన అర్జీ అది. లోపో వాళ్ల సంతకాలకన్నా పైన, మొదటి వరసలో, దౌజై పెద్దలందరి వేలిముద్రలూ ఉన్నాయి. 'పట్టణం మాది కాకపోతే కాకపోయింది. అది పట్టణం కాదంటే మాత్రం ఊరుకోం, ఇన్నేళ్లు పుట్టినరోజు చేసినవాళ్లం' అన్నాడు. వీలునామా చదివించుకున్నాడు. ఆరో అంశం దగ్గర ఆపమని వేలు పెట్టి, 'ఇది కొట్టేయకు. అన్న పక్కన చోటు నిన్న చదును చేయించాను. కొలిచింది మాత్రం మేమే. నీ కొలత మాకొద్దు వదినా' అన్నాడు.

అందుచేత ఆరో అంశం యథాతథంగా అమలులో ఉండవలెను.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసుకున్న ఆఖరి వీలునామా. ఇంతకుముందు రాసినవేవీ లేవు, ఇకమీద దిద్దాల్సినవీ ఏమీ మిగల్లేదు.

రెండు వేల ఇరవై మూడు, నవంబరు ఇరవై, సోమవారం, కైఫెంగ్.

(సంతకం) నియె వాన్‌రూ

సాక్షులు:

1. స్యాంగ్ బోహాన్, నదుల చిత్రకారుడు, విశ్రాంత ఉద్యోగి. నదిని నేను జరపలేదని ధ్రువీకరిస్తున్నాను.

2. దౌ లైషున్, దౌజై గ్రామం. చదివించుకుని, మా వదినని ఒకసారి తిట్టి, సంతకం చేశాను.