గొట్టం చల్లబడిన పూట

బచేలి

నూకమ్మక్కా, నేను క్షేమం. గొట్టంలో మునిగిపోయానని రైలువాళ్ళు మోసుకొచ్చిన కబురు నమ్మకు. ఈ కార్డు నా చేత్తోనే రాస్తున్నాను.

వానలకు ఇక్కడి గని కాలనీకి నీళ్ళిచ్చే పెద్ద గొట్టంలో ఒండ్రు పేరుకుంది. ఎగువన గేటు మూయించి, నేనూ నాతో పనిచేసే బుధ్రామూ లోపలికి పాకి తవ్వుతున్నాం. ఒండ్రు తట్టలు అందుకునే అతని భార్య లక్కే, కొంటా వైపు మనిషి, తెలుగు వచ్చు, బయట గొట్టానికి వీపు ఆనించి కూర్చుంది. ఉన్నట్టుండి, మేం మూత తీసి దిగిన కంత దగ్గర వంగి పిలిచింది.

"అన్నా, ఇద్దరూ బయటికి రాండ్రి. గొట్టం సల్లగైతాంది."

ఎండకు కాలే ఇనుము చల్లబడటమేమిటని నేను ఆలోచిస్తుంటే, బుధ్రాం నన్ను ముందుకు తోశాడు. ఎగువన గేటు పట్టు వదిలి నీళ్ళు గొట్టంలోకి దిగాయట; ఇనుము చల్లబడింది అందుకే. ఆ కంత కిందికి చేరేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. లక్కే జబ్బ పట్టుకుని ఇద్దర్నీ పైకి లాగింది. నా మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

పని పూర్తయింది. కుళాయిల్లో తేట నీళ్ళు వస్తున్నాయి.

గేదె ఈనిందా? చిన్నమ్మికి జ్వరం తగ్గిందా? రామ్మూర్తి బావ ఇటు బండెక్కితే ఎర్రంచు చీర ఒకటి పంపు. లక్కేకి మా అక్క పెట్టిందని చెప్పి ఇస్తాను.

అమ్మకు దండాలు. ఏడవొద్దను. కడుపునిండా తిని పడుకుంటున్నానని చెప్పు.

నీ తమ్ముడు
తాతబాబు