ఇంటర్వెల్‌లో శ్రుతి

ఫిబ్రవరి 2, సోమవారం

నాన్న మళ్ళీ అదే అబద్ధం చెప్పారు. నిన్న సిటీ శివారు పాయింట్ కుక్‌లో సుగుణ ఆంటీ వాళ్ళింట్లో, అందరి ముందూ, మా అమ్మాయి ఫ్రాన్స్ రాజుల కొలువు సంగీతం వాయిస్తోందండీ, శనివారం కచేరీకి మీరంతా రావాలి అని.

నేను వాయించను. హార్ప్సికార్డ్‌ని శ్రుతి చేస్తాను. పియానోకి తాతలాంటి వాద్యం, పూటకోసారి అలిగి శ్రుతి తప్పుతుంది. రెండేళ్ళుగా చెబుతున్నాను. కార్లోనూ చెప్పాను. మృదంగం శ్రుతి చేసేవాణ్ణి చూడ్డానికి ఎవరైనా టికెట్ కొంటారుటే అన్నారు నాన్న. అమ్మ కిటికీ వైపు తిరిగి, ఇంజినీరింగ్ చదివింది ఇందుకా అంది.

ఫిబ్రవరి 3

నాన్న పిలిచినవాళ్ళు ఇరవైరెండు మంది వస్తున్నారు. ముందు వరసలు.

ఫిబ్రవరి 5, గురువారం

ఇక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి, థియేటర్లో ముప్పైతొమ్మిది డిగ్రీలు. బంగారం తవ్వుకోడానికి జనం ఎగబడిన గోల్డ్ రష్ నాటి రాయల్ థియేటర్, హెరిటేజ్ కాబట్టి ఏసీ పెట్టనివ్వరు. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలపు శ్రుతి ఇప్పటికన్నా ఒక స్వరం కిందికి ఉంటుంది. అక్కడికి దించేది నేను. వయొలిన్లన్నీ నా శ్రుతికే కలుపుకుంటాయి. ఈ సంగతి నాన్నకి ఎక్కదు.

రిహార్సల్ మధ్యలో తీగ తెగింది. కొత్తది వేశాను. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది. ఇంటర్వెల్‌లో మళ్ళీ బిగించకపోతే రెండో సగమంతా అపశ్రుతే.

ఫిబ్రవరి 6

నాన్న మా డైరెక్టర్ ఫియోనాకి ఫోన్ చేశారట. మా అమ్మాయి ఎన్నింటికి వాయిస్తుంది, వీడియో తీసుకోవచ్చా అని. ఫియోనా నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నో వరీస్, ఇంటర్వెల్‌కి ముందు చిన్న మినుయెట్ డాన్సు ట్యూన్ నువ్వే వాయించెయ్, మీవాళ్ళు హ్యాపీ, ఆ తర్వాత తెర దించేస్తాం, వెనకాల నీ పని చేసుకో అంది.

ఆ మినుయెట్ నాకొచ్చు. కళ్ళు మూసుకుని వాయించగలను. భయమంతా అదే. ఒక్కసారి వాయిస్తే నాన్న చెప్పింది నిజమైపోతుంది. ఇక నా పనికి మా ఇంట్లో పేరే ఉండదు.

ఫిబ్రవరి 7, శనివారం, ఉదయం

నాన్న సూట్ ఇస్త్రీ చేసుకుంటున్నారు. టెన్షన్‌గా ఉందా అమ్ములూ అన్నారు. లేదన్నాను. ఆయన ఇస్త్రీ చేసిన కోటునే మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నారు.

సాయంత్రం 6:40

తెర దించొద్దని ఫియోనాకి చెప్పేశాను. మినుయెట్ వాయించను. ఇంటర్వెల్ లైట్లు వెలిగాక, సుగుణ ఆంటీ టీకి లేవకముందే, తీగలు బిగించే ట్యూనింగ్ కీ పట్టుకుని స్టేజి మధ్యకు వెళ్తాను. శ్రుతి చేస్తాను.