గ్రహణం చూసిన ఫిలిం

చెల్లె స్నేహలతకు, మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి అన్న పరశురాములు రాసేది.

నాలుగు రోజులుగా నీ ఫోన్ కలవడం లేదు. బాపు తింటున్నాడు, భయపడకు. ఛాతీలో గడ్డ ఉంది. చాలా అరుదైన రకమట. ఎప్పటి నుంచి ఉందో తేలితేనే కోయాలో వద్దో చెప్తామన్నారు. పాత ఎక్స్‌రే ఉందా అని డాక్టరమ్మ అడిగింది.

"ఉన్నది బిడ్డా. అండ్లకెల్లే ఇంటిల్లిపాదిమి గ్రహణం జూసినం," అన్నాడు బాపు.

"ఇగ గడ్డను జూద్దాం తాతా, తెప్పియ్యి," అన్నదామె.

పదేళ్ల కిందటిది, దూలం సందులో వెతుకు. మడవకుండా, తుడవకుండా ఈ కార్డు తెచ్చిన ఎల్లేష్‌ చేతికివ్వు. గొర్రెలకు నట్టల మందు తాపించారా? నిద్ర లేక రాత కుదరడం లేదు. గడ్డ అప్పుడూ ఇంతే ఉంటే కోత అక్కర్లేదట. అమ్మకు దండాలు. ఆ ఫిలింలోనూ గడ్డ ఉండాలని మొక్కుకోమను.