పారేసిన బోడకాకర గడ్డ

అన్నా,

ఫోన్ చేస్తే "డ్యూటీల ఉన్న" అని పెట్టేస్తున్నావు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. బండికి షెడ్డు వేయడానికి క్వార్టరు వెనక అమ్మ బోడకాకర మడి తవ్వేశావని వదిన చెప్పింది.

చలికాలంలో తీగ ఎండినా నేలలో గడ్డ బతికే ఉంటుంది, తొలకరికి మొలుస్తుంది. అందుకే అమ్మ నీళ్లు ఆపి, మడి మీద పొయ్యి బూడిద కప్పేది. నువ్వు దాన్ని చెత్తకుప్ప అనుకున్నావా? పైగా "కాయని దాన్నే పారేసిన, మంచియి సంచిల ఏసి పంపుత" అన్నావట! అది విని అమ్మ ఏమన్నదో తెలుసా?

"అది పోతుతీగ బిడ్డా. అది లేకుంటే ఆడితీగల పూలన్ని రాలుడే. మీ అన్నకు గిదిగూడ ఎరుక లేదా?"

ఆ గడ్డలు అమ్మ పుట్టిన ఊరివి. ఆ ఊరే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టులో పోయింది, ఇంకో పోతుగడ్డ ఎక్కడ తెస్తావు? నాన్న ఉద్యోగం, క్వార్టరు నీకే వచ్చాయి. నాతో పెద్దపల్లి వచ్చేటప్పుడు అమ్మ నిన్ను అడిగింది ఆ మడి ఒక్కటే.

పారేసిన చోటికి వెళ్లి వెతుకు. దొరికితే అదే సంచిలో వేసి పంపు. దొరక్కపోతే ఆ మాట నేను చెప్పను, నువ్వే వచ్చి అమ్మకు చెప్పు. ఏ సంగతైనా జనవరి ఇరవైలోగా రాయి.

నీ చెల్లె